ద సటిల్ నైఫ్: లోకాల మధ్య దారి, దాని వెల

'ద సటిల్ నైఫ్' ఇంగ్లండు రచయిత ఫిలిప్ పుల్మన్ పిల్లల కోసం రాసిన ఫాంటసీ నవల. 1997లో వెలువడింది. 'హిజ్ డార్క్ మెటీరియల్స్' నవలాత్రయంలో ఇది రెండోది. దీనికి ముందు 1995లో 'నార్తర్న్ లైట్స్', తర్వాత 2000లో 'ది ఆంబర్ స్పైగ్లాస్' వచ్చాయి. మొదటి నవల అమెరికాలో 'ద గోల్డెన్ కంపాస్' అనే పేరుతో అచ్చయింది. పక్కపక్కనే ఉంటూ ఒకదానికొకటి కనబడని అనేక లోకాల మధ్య ఈ కథ నడుస్తుంది. మొదటి నవలకు బ్రిటన్‌లో బాలసాహిత్యానికిచ్చే కార్నెగీ పతకం వచ్చింది. మూడోది 2001 సంవత్సరానికి విట్‌బ్రెడ్ 'బుక్ ఆఫ్ ద ఇయర్' గెలిచింది. పిల్లల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఈ రెంటి నడుమ నిలిచిన 'ద సటిల్ నైఫ్'ను చాలామంది ఒక కథ మొదలుకీ చివరకీ మధ్య వేసిన వంతెనగానే చూస్తారు. ఆ చూపు సరైనది కాదు. పిల్లల ఫాంటసీలో మరో లోకానికి తెరుచుకునే దారి చాలాకాలం ఒక వరంలా ఉండేది. ఆ దారిని మనిషి చేతి పనిగా మార్చి, ఆ పనికి వెల ఎవరు చెల్లించాలని అడిగింది ఈ రెండో నవలే. నవలాత్రయం నైతిక భారమంతా ఆ ప్రశ్న మీదే ఆనుకుని ఉంది.

రచయిత, నేపథ్యం

పుల్మన్ 1946లో నారిచ్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదివాడు. తర్వాత ఏళ్ల తరబడి అదే ఊరి బడుల్లో పాఠాలు చెబుతూ, హోమర్ కథలను పిల్లలకు నోటితో చెప్పేవాడు. వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసిన తండ్రి కెన్యాలో విమాన ప్రమాదంలో మరణించేనాటికి అతనికి ఏడేళ్లు. కనబడకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే పిల్లవాడు ఈ నవలకు కేంద్రం కావడానికి అదొక్కటే కారణమని చెప్పలేం. అయినా ఆ వెతుకులాటను రాసిన తీరులో కల్పించుకున్న బాధ కనబడదు. నవలాత్రయం పేరు మిల్టన్ మహాకావ్యం 'పారడైజ్ లాస్ట్' రెండో భాగం నుంచి తీసుకున్నది. అక్కడ సైతాను అగాధం అంచున నిలబడి, దేవుడు తలచుకుంటే మరిన్ని లోకాలను సృష్టించగల ముడిసరుకు వైపు చూస్తుంటాడు. లోకాలు అనేకం కావచ్చునన్న ఊహ ఆ శీర్షికలోనే ఉందన్నమాట. మిల్టన్‌తో పాటు విలియం బ్లేక్‌కూ, తోలుబొమ్మలాటపై 1810లో జర్మన్ రచయిత క్లైస్ట్ రాసిన వ్యాసానికీ తాను రుణపడ్డానని పుల్మన్ మూడో సంపుటం చివర చెప్పుకున్నాడు. ఆదాము అవ్వల పతనాన్ని పాపంగా కాక ఎదుగుదలగా చెప్పడం ఈ మూడు నవలల ఉమ్మడి ఆశయం.

సమాంతర లోకాల ఊహకు శాస్త్రంలోనూ ఒక తోడు ఉంది. 1957లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్, క్వాంటం సిద్ధాంతంలోని చిక్కును విప్పడానికి చేసిన ప్రతిపాదన తర్వాత 'అనేక లోకాల' వ్యాఖ్యానంగా ప్రసిద్ధికెక్కింది. 'నార్తర్న్ లైట్స్' లోకంలో ఇలాంటి ఆలోచన చేసిన బార్నార్డ్, స్టోక్స్ అనే ఇద్దరు పండితుల నోరు చర్చి నొక్కేస్తుంది. మొదటి నవలలో మరో లోకం ఒక నిషిద్ధ సిద్ధాంతం. ఉత్తర ధ్రువకాంతుల వెనుక లీలగా కనిపించే నగరం. రెండో నవలలో అది నడిచి వెళ్లి అన్నం వండుకుని తినగల చోటు. ఈ సంపుటం మూడు లోకాల మధ్య తిరుగుతుందని పుస్తకం మొదట్లోనే పుల్మన్ పాఠకులకు చెప్పేస్తాడు: మొదటి నవల నాయిక లైరా లోకం, మనకు తెలిసిన లోకం, ఈ రెండూ కాని మరొకటి.

కథాసంగ్రహం

విల్ పారీకి పన్నెండేళ్లు. మన లోకంలోని వించెస్టర్‌లో, మనసు నిలకడ లేని తల్లిని కాపాడుకుంటూ బతుకుతుంటాడు. తండ్రి జాన్ పారీ విల్ పసిబిడ్డగా ఉన్నప్పుడే అలాస్కా యాత్రలో మాయమయ్యాడు. తండ్రి ఉత్తరాలున్న ఆకుపచ్చ తోలు పెట్టె కోసం ఇద్దరు మనుషులు ఇంట్లో చొరబడతారు. వాళ్లలో ఒకడు విల్‌తో పెనుగులాటలో పెంపుడు పిల్లి అడ్డుపడి మెట్ల మీంచి దొర్లి చనిపోతాడు. తల్లిని అప్పటికే పాత పియానో టీచరు ఇంట్లో వదిలిపెట్టిన విల్ ఆక్స్‌ఫర్డ్‌కు పారిపోతాడు. అక్కడ సండర్లాండ్ ఎవెన్యూలో హార్న్‌బీమ్ చెట్ల దగ్గర ఒక పిల్లి గాలిలోకి అడుగుపెట్టి కనబడకుండా పోవడం చూస్తాడు. ఆ చోట గాలిలో ఒక కిటికీ ఉంది. దాన్ని దాటితే చిట్టాగాట్సే అనే సముద్రతీర నగరం. పెద్దలు ఒక్కరూ లేని ఆ ఊళ్లో అతనికి లైరా ఎదురవుతుంది. ఆమె వేరే లోకపు ఆక్స్‌ఫర్డ్ పిల్ల. అక్కడ ప్రతి మనిషి ఆత్మా జంతురూపంలో, డీమన్ అనే పేరుతో, బయటే వెంట తిరుగుతుంటుంది. విల్‌కు డీమన్ కనబడకపోయేసరికి ఆమె హడలిపోతుంది.

లైరా దగ్గరున్న అలీథియోమీటర్ సత్యం చెప్పే యంత్రం. దాన్ని సర్ చార్లెస్ లాట్రామ్ అనే పెద్దమనిషి దొంగిలిస్తాడు. నిజానికి అతను లైరా లోకంలోని లార్డ్ బోరియల్. అది తిరిగి కావాలంటే చిట్టాగాట్సేలోని దేవదూతల బురుజు నుంచి ఒక కత్తి తెచ్చిపెట్టాలంటాడు. బురుజు మీద జరిగిన పోరాటంలో కత్తి విల్ చేతికొస్తుంది, రెండు వేళ్లు పోతాయి. మరోవైపు బెలూన్ నడిపే లీ స్కోర్స్‌బీ, స్టానిస్లాస్ గ్రుమ్మన్ అనే షామన్‌ను వెతికి పట్టుకుంటాడు. ఆ షామనే జాన్ పారీ. సెరఫీనా పెక్కాలా నాయకత్వంలో మంత్రగత్తెలు లైరాకు కాపలాగా వస్తారు. మన ఆక్స్‌ఫర్డ్‌లో మేరీ మలోన్ అనే భౌతిక శాస్త్రవేత్త కృష్ణపదార్థాన్ని పరిశోధిస్తూ, ఆ కణాలకు చైతన్యం ఉందని గ్రహిస్తుంది. గ్రుమ్మన్ ముందుకు సాగిపోయేలా సైనికులను ఒంటరిగా అడ్డుకుంటూ లీ ప్రాణాలు విడుస్తాడు. చివరకు చీకట్లో కొండ మీద తండ్రీ కొడుకులు ఒకరినొకరు గుర్తుపడతారు. ఆ క్షణంలోనే ఒకప్పుడు జాన్ పారీ కాదన్న మంత్రగత్తె వేసిన బాణానికి అతను కూలిపోతాడు. విల్ కిందికి దిగి వచ్చేసరికి లైరా లేదు. ఆమెను తల్లి మిసెస్ కోల్టర్ ఎత్తుకుపోయింది. నవల అక్కడ ఆగుతుంది.

కత్తి, దాని నియమాలు

పుస్తకంలో చాలా వివరంగా, చాలా నెమ్మదిగా రాసిన ఘట్టం కత్తి చేతులు మారే ఘట్టం. రోజ్‌వుడ్ పిడి, దానిపై బంగారు తీగతో పొదిగిన దేవదూత బొమ్మ. అలుగుకు రెండు వాదరలు. ఒకటి ఎంతటి గట్టి పదార్థాన్నైనా కోస్తుంది. రెండోది అంతకన్నా సన్ననిది, లోకాల మధ్య పొరను కోస్తుంది. కత్తిని కాపాడుతూ వచ్చిన ముసలి జాకొమొ పారడీసి, గాయంతో వణుకుతున్న విల్‌కు తన ఎడమచెయ్యి చూపిస్తాడు. ఆ చేతికి కూడా చిటికెనవేలు, ఉంగరపు వేలు లేవు. కత్తి పట్టేవాడికి గుర్తు అదే. వెంటనే పాఠం మొదలవుతుంది. బలంతో కోస్తే గాలే తెగుతుంది తప్ప దారి రాదు. ధ్యాసనంతా కత్తి మొనలోకి పంపి, గాలిలో ఎక్కడో ఉన్న అతి చిన్న సందును అది తడిమేదాకా ఓపిక పట్టాలి. మొదట విల్ పట్టుదలతో తంటాలు పడి ఓడిపోతాడు. నొప్పిని పక్కకు నెట్టకుండా, దానితోనే మనసును నిలిపినప్పుడు మొన పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత కిటికీ మూయడమూ నేర్చుకుంటాడు. రెండు అంచుల్నీ వేళ్లతో తడిమి, చిటికెతో కలిపి నొక్కాలి. ఇంత వివరం ఉత్కంఠ కోసం పెట్టింది కాదు. మరో లోకానికి వెళ్లడం ఇక్కడ నేర్చుకోవలసిన పని. దానికి చేతి నైపుణ్యమూ మనసు నిగ్రహమూ రెండూ కావాలి. ఎవరి రక్తమూ చిందకుండా అది అబ్బదు.

పారడీసి చెప్పిన నియమాలు నాలుగు. తెరిచిన కిటికీని మూయకుండా వదలకూడదు. కత్తిని మరొకరి చేతికివ్వకూడదు. నీచమైన పనికి వాడకూడదు. దాని సంగతి రహస్యంగా ఉంచాలి. పాత మాంత్రిక కథల్లోనూ ఇలాంటి నిషేధాలుంటాయి. ఎవరో మీరతారు, శిక్ష పడుతుంది, కథ నడుస్తుంది. ఇక్కడ మొదటి నియమానికి కారణం కథలోపలి భౌతిక నిజం. అది ఏమిటన్నది మూడో సంపుటంలోగానీ పూర్తిగా బయటపడదు. కత్తితో తెరిచే ప్రతి కిటికీ పెద్దల మనసును పీల్చే భూతంలాంటి ఒక స్పెక్టర్‌ను పుట్టిస్తుంది. మూయకుండా వదిలిన ప్రతి కిటికీలోంచి 'డస్ట్' అనే చైతన్య ధూళి అగాధంలోకి కారిపోతుంది. అందుకే చివరకు కిటికీలన్నీ మూయవలసి వస్తుంది. చనిపోయినవారి లోకం నుంచి బయటకు తెరుచుకునే ఒక్క దారిని మాత్రం ఉంచుతారు. విల్, లైరా ఎవరి లోకానికి వారు శాశ్వతంగా వెళ్లిపోవలసి వస్తుంది. ఆ ముగింపు కన్నీళ్లు పెట్టించడమే కాకుండా న్యాయంగానూ తోచడానికి కారణం, రెండో సంపుటం ఆ నియమాన్ని ముందే నాటి ఉంచడం. అదే లేకపోతే ఆ వియోగం రచయిత బలవంతంగా రుద్దినట్టుండేది.

మూడు సంపుటాలనూ పక్కపక్కన పెడితే ఈ మలుపు మరింత స్పష్టమవుతుంది. మొదటి నవలలో కూడా కోత ఉంది. బోల్వాంగర్ అనే ఉత్తరాది కేంద్రంలో పెద్దలు ఒక యంత్రపు అలుగుతో పిల్లల్ని వాళ్ల డీమన్ల నుంచి వేరుచేస్తారు. చివర్లో లైరా తండ్రి లార్డ్ ఏజ్రియల్ మరో లోకానికి దారి తెరవడానికి కావలసిన శక్తిని లైరా స్నేహితుడు రోజర్‌ను అలా వేరుచేసి సంపాదిస్తాడు. దారి తెరిచింది పెద్దవాడు, ప్రాణమిచ్చింది పిల్లవాడు. రెండో నవల ఆ లెక్కను తిరగేస్తుంది. ఇక్కడ అలుగు పిల్లవాడి చేతికే వస్తుంది, వెల అతని వేళ్లతో మొదలవుతుంది. ఎదుటివాడి రక్తంతో దారి వేసుకోవడానికీ తన రక్తంతో వేసుకోవడానికీ ఉన్న తేడాయే ఏజ్రియల్‌కూ విల్‌కూ ఉన్న తేడా. విల్ తన వేళ్లు పోగొట్టుకోవడం అతని ఎంపిక కాదన్న మాట నిజమే. అయితే అదృష్టం కొద్దీ చేతికొచ్చిన కత్తిని ఆ తర్వాత అతను వాడే తీరు పూర్తిగా అతని ఎంపికే.

చిట్టాగాట్సే: వెల చెల్లించని నగరం

కత్తిని చేసింది చిట్టాగాట్సే పండితుల సంఘం, మూడు వందల ఏళ్ల కిందట. పదార్థంలోని అతి చిన్న కణాలను పట్టి ఉంచేది ఏమిటో తెలుసుకోవాలని వాళ్లు పూనుకున్నారు. ఆ ఊరు వర్తకులది, బ్యాంకర్లది. దేన్నైనా కొనవచ్చు, అమ్మవచ్చు, మార్చుకోవచ్చు అనుకునే బుద్ధి వాళ్లది. పదార్థపు బంధాన్ని కూడా అలాగే తెంచి మార్చుకోవచ్చనుకున్నారు. అప్పటి నుంచీ స్పెక్టర్లు వచ్చిపడ్డాయి. యుక్తవయసు వచ్చిన మనిషి మనసులోని స్పృహనూ ఆసక్తినీ అవి పీల్చేస్తాయి. మిగిలేది ఊపిరి తీసే శరీరం. పిల్లల జోలికి అవి రావు. అందుకే ఊరు పిల్లలపాలైంది, పెద్దలు పారిపోయారు. పండితులు ఈ సంగతి ఒప్పుకుని కిటికీలు మూసుకోలేదు. కత్తితో పక్క లోకాలకు వెళ్లి కావలసినవి దొంగిలించుకొస్తూ బతికారు.

పిల్లలే ఏలే నగరం అనగానే బాలసాహిత్యంలో ఒక కల కళ్లముందుకొస్తుంది. పుల్మన్ ఆ కలను నిర్దాక్షిణ్యంగా తీసేస్తాడు. విల్, లైరా చూస్తుండగా చిట్టాగాట్సే పిల్లలు ఒక పిల్లిని చుట్టుముట్టి రాళ్లతో కొడుతుంటారు, విల్ అడ్డుపడతాడు. తర్వాత ఏంజెలికా, పావొలో అనే ఆ ఊరి పిల్లల అన్న టూల్యో బురుజు మీద విల్‌తో పోరాడి కత్తి పోగొట్టుకుని స్పెక్టర్ల పాలవుతాడు. అప్పుడు ఆ పిల్లలే ఆయుధాలతో గుంపుగా విల్, లైరాల మీదికి వస్తారు. వాళ్లు పుట్టుకతో చెడ్డవాళ్లని పుల్మన్ అనడు. పెద్దలు వదిలిపెట్టిన బాధ్యత పిల్లల చేతుల్లో ఎలా కుళ్లుతుందో చూపిస్తాడు. మూడో లోకం ఈ నవలకు విహారస్థలం కాదు, సాక్ష్యం. దారి తెరిచి వెల చెల్లించనివాళ్ల మునిమనవలు ఎలా బతుకుతారో ఆ ఊరు చెబుతుంది.

మేరీ మలోన్, కణాల చైతన్యం

విజ్ఞానం మీద నవలకున్న గౌరవం మేరీ మలోన్ పాత్రలో ఉంది. ఆమె ఒకప్పుడు సన్యాసిని. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో కృష్ణపదార్థ పరిశోధకురాలు. విశ్వంలో కంటికి కనబడని ద్రవ్యం ఉందన్న అనుమానం 1933లో ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీ సమూహాల కదలికలను లెక్కగట్టినప్పటిది. 1970ల్లో వీరా రూబిన్, ఆమె సహచరులు గెలాక్సీల భ్రమణాన్ని కొలిచాక అది బలపడింది. పుల్మన్ ఆ చిక్కును తీసుకుని, కనబడని ఆ ద్రవ్యమే లైరా లోకంలోని 'డస్ట్' అంటాడు. మేరీ పరికరం పేరు 'కేవ్'. ప్లేటో గుహ నుంచి తీసుకున్నది. మామూలు దంతం ముక్కకు ఆ కణాలు స్పందించవు, చదరంగపు పావుగా చెక్కిన దంతానికి స్పందిస్తాయి. సుమారు 30-40 వేల ఏళ్ల కిందటికి వెళితే మానవ కపాలాల దగ్గర కూడా అవి కనబడవు. మనిషి ఆలోచన, చేతిపని తగిలిన చోటే అవి చేరతాయన్నమాట. నిధులు ఆగిపోయే స్థితిలో ఉన్న ఆ ప్రయోగశాలలో, పన్నెండేళ్ల లైరా యంత్రం ముందు కూర్చుని, అలీథియోమీటర్ చదివే అలవాటుతో కణాలతో మాట్లాడుతుంది. పిల్ల నేర్పుతుంది, శాస్త్రవేత్త నేర్చుకుంటుంది.

ఈ శాస్త్రం కల్పన అనడంలో సందేహం లేదు. కృష్ణపదార్థానికి చైతన్యముందని ఏ భౌతిక శాస్త్రమూ చెప్పలేదు. అయితే పుల్మన్ ఇక్కడ అడుగుతున్నది శాస్త్రవేత్త బాధ్యత గురించి. మేరీ ఎదుట రెండు దారులున్నాయి. సర్ చార్లెస్ ఇస్తానన్న డబ్బు తీసుకుని, అతను కోరిన పరిశోధన అతను కోరినట్టు చేయడం ఒకటి. యంత్రాన్ని పాడుచేసి, కణాలు చెప్పిన దారిన తెలియని లోకంలోకి వెళ్లడం రెండోది. ఆమె రెండోదాన్ని ఎంచుకుంటుంది. చిట్టాగాట్సే పండితులు చేయలేనిది ఆమె చేసింది. తెలుసుకోవడం వల్ల వచ్చే లాభాన్ని వదులుకుని, తెలుసుకోవడాన్ని మాత్రం వదలలేదు.

విల్: వెల తెలిసిన పిల్లవాడు

కత్తి విల్‌కే ఎందుకు దక్కాలన్నదానికి జవాబు అతని ఇంట్లోనే ఉంది. తల్లి వీధిలో కంచె ఊచలు లెక్కపెట్టేది. ఎవరో శత్రువులు వెంటపడుతున్నారని భయపడేది. ఆ శత్రువులు ఆమె మనసులో ఉన్నారని విల్ ఏడేళ్లకే గ్రహించాడు. ఇరుగుపొరుగుకు తెలిస్తే ఆమెను తననుంచి తీసుకుపోతారని ఇంటిపని చేసుకుంటూ, ఎవరి కంటా పడకుండా మసలడం నేర్చుకున్నాడు. అందరూ అబద్ధమనుకున్న ఆ శత్రువుల్లో కొందరు నిజంగానే ఉన్నారని నవల మొదట్లోనే తేలుతుంది. చిట్టాగాట్సేలో స్పెక్టర్లు మనిషిని ఏం చేస్తాయో చూసినప్పుడు అతనికి తల్లే గుర్తొస్తుంది. పిల్లల ఫాంటసీలో వీరుడికి సాధారణంగా రాజవంశమో భవిష్యవాణియో తోడుంటుంది. విల్‌కున్న అర్హత ఒక రోగిని చూసుకున్న అనుభవం. చేతిలోని వస్తువును జాగ్రత్తగా వాడడం, తెరిచినదాన్ని మూయడం, నొప్పిని తట్టుకుని పని పూర్తిచేయడం అతనికి అప్పటికే అలవాటు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ నవల మీద వినిపించే ఆక్షేపణల్లో మొదటిది, దీనికి మొదలూ చివరా లేదన్నది. చివర లేదన్న మాట ఒప్పుకోవలసిందే. లైరా అపహరణ, ఏజ్రియల్ దగ్గరకు రమ్మనే దేవదూతలు, దేవుడి మీద అతను తలపెట్టిన యుద్ధం అన్నీ మూడో సంపుటానికి వాయిదా పడ్డాయి. మొదలు లేదనడం మాత్రం నిలవదు. పుల్మన్ లైరా కథను ఆకాశంలో వదిలి, మన లోకంలోని ఒక మామూలు ఇంట్లో, మనకు తెలియని పిల్లవాడితో మొదలుపెడతాడు. చివర్లో మాత్రం విల్ తన తండ్రిని కలుస్తాడు. తండ్రి చీకట్లో పెనుగులాడుతూ ఆ చేతికి వేళ్లు లేవని తడిమి తెలుసుకుని, రక్తం ఆగని గాయానికి మందు రాస్తాడు. తండ్రి కోసం బయల్దేరిన పిల్లవాడి కథగా చూస్తే ఈ పుస్తకానికి తనదైన ఆకారం ఉంది. విల్ వెతుకులాట తీరింది, తీరిన క్షణంలోనే పోయింది.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. 'నార్తర్న్ లైట్స్'లో తన తెలివితో, అబద్ధాలతో, ధైర్యంతో కథను నడిపిన లైరా ఇక్కడ వెనక్కి తగ్గిందని, అబ్బాయికి సాయం చేయమని యంత్రమే ఆమెకు చెబుతుందని పాఠకులు నొచ్చుకున్నారు. ఇందులో నిజముంది. చివరి అధ్యాయాల్లో ఆమె చేసే పని తక్కువ. అపహరణతో ఆమె కథలోంచి తప్పుకున్నట్టే అవుతుంది. కానీ ఆమె వెనక్కి తగ్గినదానికి కారణం కథలోనే ఉంది. విల్ తండ్రి సంగతి వదిలేసి తన కుతూహలం కొద్దీ తిరిగి, అపరిచితుడి కారెక్కి, అలీథియోమీటర్‌ను పోగొట్టుకుంది. ఆ తర్వాత విల్ అడగనిదే యంత్రాన్ని ముట్టనని మాట ఇస్తుంది. మొదటి నవలలో ఆమె చేసిన సాహసం రోజర్ ప్రాణం తీసింది. ఆ అపరాధభావం ఆమెను వదలలేదు. దూకుడే శక్తి అనుకునే పిల్ల ఆగడం నేర్చుకోవడం చిన్న ఎదుగుదల కాదు.

మూడో ఆక్షేపణ మతం గురించి. రూటా స్కాడీ అనే మంత్రగత్తె చర్చిని తిడుతూ చేసే ప్రసంగం కథను ఆపి ఉపన్యాసం చెబుతున్నట్టే ఉంటుంది. ఆ విమర్శ సరైనదే. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్కలో 2008లో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల్లో ఈ నవలాత్రయం రెండో స్థానంలో నిలిచింది. అయితే అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ దీని నాటక రూపాన్ని మెచ్చుకుని, 2004లో నేషనల్ థియేటర్ వేదికపై పుల్మన్‌తో చర్చకు కూర్చున్నాడు. పుల్మన్ దాడి నిర్బంధపు అధికారం మీదనీ, విశ్వాసులు ఆ విమర్శను వినవలసి ఉందనీ భావించే మతపెద్దలూ ఉన్నారన్నమాట. పైగా అధికారం మీద ఎంత కోపమున్నా ఈ నవల తిరుగుబాటును కూడా గుడ్డిగా మెచ్చుకోదు. రోజర్ చావుతో దారి తెరిచిన ఏజ్రియల్ ఆ తిరుగుబాటుకు నాయకుడు. ఆ సంగతి పాఠకుడు మరిచిపోయే వీలు లేదు.

కత్తిలాంటి పరికరం ముందూ ఉందనే అభ్యంతరానికి కూడా జవాబు చెప్పాలి. 1950లో సి.ఎస్. లూయిస్ బీరువా గుండా నార్నియా చూపించాడు. 1955 నాటి 'ద మెజీషియన్స్ నెఫ్యూ'లో మాంత్రిక ఉంగరాలు పిల్లల్ని లోకాల మధ్య అడవికి చేరుస్తాయి. వాటిని తయారుచేసిన మామయ్య పిల్లల్ని ప్రయోగానికి వాడుకున్నాడు. లూయిస్‌కూ ఆ నైతిక ప్రశ్న తెలుసు. తేడా పరిష్కారంలో ఉంది. నార్నియాలో తప్పును సరిదిద్దడానికి దేవుడిలాంటి సింహం అస్లాన్ ఉంటాడు. పుల్మన్ లోకంలో పైనుంచి దిగివచ్చి కిటికీలు మూసేవారు ఎవరూ లేరు. తెరిచిన చేతులే మూయాలి. నార్నియా కథలను పుల్మన్ 1998లో ఒక పత్రికా వ్యాసంలో తీవ్రంగా ఖండించాడు. ఆ ఖండన న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. 'ద సటిల్ నైఫ్' మాత్రం ఆ వ్యాసం కన్నా మంచి సమాధానం, ఎందుకంటే ఇక్కడ అతను వాదించలేదు, చేసి చూపించాడు.

రూపాంతరాలు

2003లో బీబీసీ రేడియో నాటకంగా ఈ నవలాత్రయం వినిపించింది. అదే ఏడాది చివర లండన్ నేషనల్ థియేటర్‌లో నికొలస్ రైట్ రూపాంతరాన్ని నికొలస్ హైట్నర్ రెండు నాటకాలుగా ప్రదర్శించాడు. 2007లో వచ్చిన 'ద గోల్డెన్ కంపాస్' సినిమా మొదటి నవలతో ఆగిపోయింది. రెండో నవల వెండితెర ముఖం చూడలేదు. 2019లో మొదలైన బీబీసీ, హెచ్‌బీఓ ధారావాహికలో 2020 నాటి రెండో భాగం ఈ నవలకు తెర రూపం. కోవిడ్ వల్ల ఎనిమిదికి బదులు ఏడు ఎపిసోడ్లే వచ్చాయి. లైరాగా డాఫ్నీ కీన్, విల్‌గా అమీర్ విల్సన్, జాన్ పారీగా ఆండ్రూ స్కాట్ నటించారు. ఈ ధారావాహిక విల్‌ను మొదటి భాగంలోనే పరిచయం చేసింది. కథ సాఫీగా నడవడానికి అది ఉపయోగపడింది గానీ, ధ్రువప్రాంతపు మంత్రలోకం నుంచి ఒక్కసారిగా మన వీధిలోకి పడేసే పుస్తకపు అదురు పోయింది. మన లోకం కూడా లోకాల్లో ఒకటేనని, ఇక్కడి పిల్లవాడికీ ఆ కత్తి బాధ్యత ఉందని ఆ అదురే చెబుతుంది.

సాహిత్యంలో స్థానం

పుల్మన్ తర్వాత ఈ లోకాన్ని వదల్లేదు. లీ స్కోర్స్‌బీ యవ్వనాన్ని 2008లో 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద నార్త్' చెప్పింది. 2017, 2019, 2025 సంవత్సరాల్లో 'ద బుక్ ఆఫ్ డస్ట్' పేరుతో మరో నవలాత్రయం పూర్తయింది. 2005లో అతనికి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక పురస్కారం, జపాన్ చిత్రకారుడు ర్యోజి అరాయ్‌తో కలిపి దక్కింది. ఈ మొత్తంలో రెండో నవలకున్న చోటు అది చేసిన పనిని బట్టి నిర్ణయించాలి. మొదటి నవల ఒక లోకాన్ని కల్పించింది, మూడోది ఒక తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు కావలసిన చట్టం రాసింది 'ద సటిల్ నైఫ్'. తెరిచినవాడే మూయాలన్న ఆ చట్టం పన్నెండేళ్ల పాఠకుడికి అర్థమయ్యేంత సరళమైనది, లార్డ్ ఏజ్రియల్ లాంటివాడు తప్పించుకోలేనంత కఠినమైనది. పిల్లలు ఆశ్చర్యపోవడానికే ఫాంటసీ చదువుతారని నమ్మే రచయిత ఈ పుస్తకం రాయలేడు. తాము చేసిన పనికి జవాబు చెప్పుకోగల మనుషులుగా పిల్లలను గౌరవించడం దీని గొప్పతనం. నవలాత్రయంలో దేన్ని మధ్యగా లెక్కపెట్టినా, ఆలోచనకు సంబంధించినంత వరకూ కేంద్రం ఇదే.